ఇనాము, బక్షీసు, టిప్పు: యాత్రికుల చేతి డబ్బు కథ



ప్రత్యేక సంచికకు యాత్రల మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. క్షేత్ర మాహాత్మ్యాలు రాయగలిగినవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నాకు అంత పాండిత్యం లేదు. 37 సంవత్సరాలు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి కనుక ఏ కాగితం చేతికి వచ్చినా ముందు అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదవడం అలవాటు. యాత్రా కరపత్రాలలో కాశీ, గయ, ప్రయాగ అని పెద్ద అక్షరాలతో వేసి, కాఫీ, టిఫిను, భోజనం, బస అన్నీ మావే అని రాసి, చిట్టచివర ఒక పంక్తి వేస్తారు: గైడుకు, డ్రైవరుకు, వంటవారికి ఇచ్చే టిప్పులు ఈ రుసుములో చేరవు అని. ఈ పంక్తికి చాలా పెద్ద చరిత్ర ఉంది. ఆ చరిత్రే ఈ వ్యాసం.

ముందు మాటల సంగతి చూద్దాం. రెవెన్యూలో పనిచేసిన మిత్రులకు ఇనాము అంటే భూమి గుర్తుకు వస్తుంది. ఆంధ్ర ప్రాంతంలో ఇనాముల రద్దు చట్టం 1956లో వచ్చింది, ఆ రికార్డులు తిరగేసి తిరగేసి కళ్ళజోడు నంబరు పెరిగినవారు మనలో ఉన్నారు. అరబ్బీలో ఆ మాటకు అనుగ్రహించి ఇచ్చినది అని అర్థం. బక్షీసు పారసీ మాట, అదీ ఇవ్వడమే. మామూలు అన్నది కూడా అరబ్బీ నుంచి వచ్చిందే, అలవాటుగా జరిగేది అని దాని భావం. పాపం, ఆ మాటలో తప్పేమీ లేదు, మన ఆఫీసులలో పడి చెడిపోయింది. టిప్పు ఇంగ్లీషు మాట. చురుకుగా పని జరగడం కోసం అనే అర్థం వచ్చే మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే టిప్ అయిందని ఒక కథ చెబుతారు. అది తరువాత ఎవరో అల్లిన కథ. 17వ శతాబ్దపు ఇంగ్లండులో దొంగల పరిభాషలో టిప్ అంటే చేతికి అందించడం, అంతే.

మన ఉద్యోగులకు ఈ విషయంలో ఒక చిక్కు ఉంది. 1964 నాటి ప్రవర్తనా నియమావళి చదువుకుని పెరిగినవాళ్ళం. ఎవరైనా బల్ల మీద కవరు పెడితే చెయ్యి వెనక్కి తీసుకోవడం (అందరూ తీసుకున్నారని నేను అనడం లేదు) నేర్చుకున్నాం. అటువంటివాళ్ళం రిటైరయి బస్సెక్కగానే, మనమే ఇంకొకరి చేతిలో కవరు పెట్టవలసి వచ్చింది. పని జరగకముందు ఇస్తే లంచం, జరిగాక ఇస్తే టిప్పు అని మా సూపరింటెండెంటు గారు ఒకరు తేల్చి చెప్పేవారు. ఆయన మాట చాలాకాలం నమ్మాను. చరిత్ర చదివితే, యాత్రలు చేస్తే, అది అంత సులువుగా తేలే లెక్క కాదని తెలిసింది.

తెలుగువారి బృందయాత్ర అనగానే ముందు తలచుకోవలసినవారు ఏనుగుల వీరాస్వామయ్య గారు. ఆయనా కొలువు చేసినవారే, చెన్నపట్నం సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న సుమారు వందమంది పరివారంతో బయలుదేరి, తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ, కాశీ, గయలు చేరి, కలకత్తా, పూరీ, గంజాం, విశాఖల మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. ఆ వివరమంతా కాశీయాత్రా చరిత్ర అనే పేరుతో ఆయన పోయిన తరువాత 1838లో అచ్చయింది. 1941లో దిగవల్లి వేంకట శివరావు గారు దాన్ని పరిష్కరించి మళ్ళీ వేయించారు. ఏ మజిలీలో నీళ్ళున్నాయి, ఎక్కడ ఏ సరుకు దొరుకుతుంది, దారి ఇసుకా రాయా అన్నది మొదలు ఆయన రాసిన తీరు చూస్తే మంచి క్యాంపు గుమాస్తా డైరీ చదివినట్లుంటుంది. అప్పటి ప్రయాణానికి ఇంజను బోయీల భుజాలే. జీతం కుదుర్చుకున్నా, దారి పొడుగునా వాళ్ళ మంచి చెడ్డలు చూడకపోతే పల్లకీ కదిలేది కాదు.

ఆ రోజులలో ప్రయాగ, గయ, పూరీలలో కుంపిణీ ప్రభుత్వం యాత్రికుల మీద పన్ను వసూలు చేసేది. ప్రయాగలో కాలినడకన వచ్చినవాడి స్నానానికి తలకు ఒక రూపాయి. ఏనుగెక్కి వస్తే ఎక్కువ. 1840లో ఈ పన్ను రద్దయింది. పన్ను అన్యాయమే, కాదనను. కాని దానికో రేటు ఉండేది. పన్ను పోయినా పోనిది దక్షిణ. దానికి రేటు లేదు. గయలో శ్రాద్ధం పూర్తయ్యాక గయావళి సుఫలం అని పలకాలి, పలికితేనే కర్మ ఫలించినట్లు. ఆ మాట రావడానికి ముందు ఎంతిస్తావన్న బేరం. పితృదేవతల పేరు చెప్పి అడిగినప్పుడు ఇంత చాలదా అని అనగలిగిన మనిషి ఎవరు? మా సూపరింటెండెంటు గారి సూత్రం ప్రకారం ఇది పని జరగకముందు ఇచ్చినదా, జరిగాక ఇచ్చినదా?

అలాగని పండాలను తిట్టి ఊరుకోవడం సరికాదు. రైలు రాకముందు, భాష తెలియని దేశంలో దిగిన యాత్రికుడికి బస, భోజనం, రక్షణ, దారి చూపే మనిషి అన్నీ పండాయే. ఊరి పేరు చెబితే తాతముత్తాతల పేర్లున్న బహీలు తీసి చూపించగలిగిన ఆఫీసు అంతకు ముందు లేదు, ఇప్పుడూ లేదు. (మన రికార్డు రూములతో పోల్చి చూసుకోండి.) అతనికి జీతమిచ్చేవారు లేరు. యాత్రికుడి చేతి నుంచి వచ్చేదే జీవనం.

గైడు వెంట గుంపుగా వెళ్ళడం కూడా తెల్లవారు మనకు నేర్పింది కాదు. పూరీ పండాల మనుషులు బెంగాలు పల్లెలన్నీ తిరిగి, ఇంటింటికీ జగన్నాథుడి మహిమ చెప్పి, ముఖ్యంగా ఆడవాళ్ళను కూడగట్టి, జట్లు జట్లుగా నడిపించుకుని వెళ్ళేవారు. 1872లో వెలువడిన ఒడిశా గ్రంథంలో హంటర్ దొర ఈ సంగతి వివరంగా రాశాడు. పోయేటప్పుడు ఉత్సాహంగానే పోయేవారు. పూరీ చేరాక ప్రతి గుడి దగ్గరా, ప్రతి పూజకూ ఇచ్చి ఇచ్చి సంచులు ఖాళీ అయి, పండా దగ్గరే అప్పు రాసి, వానలో తడుస్తూ, రోగాలతో తిరుగుదారి పట్టేవారు. ఇల్లు చేరనివారు ఎందరో. చేతి డబ్బు లెక్క తప్పితే ప్రాణం మీదికి వచ్చిన రోజులవి.

సీమలో బృందయాత్రకు మూలపురుషుడు థామస్ కుక్. 1841 జూలై 5న మద్యపాన నిషేధ సభ కోసం లెస్టర్ నుంచి లఫ్‌బరో దాకా సుమారు 500 మందిని ప్రత్యేక రైలులో తీసుకువెళ్ళాడు, రానుపోను తలకు ఒక షిల్లింగు. తరువాత అదే వ్యాపారమైంది. 1868లో హోటలు కూపన్లు ప్రవేశపెట్టాడు. ముందే డబ్బు కట్టి చీటీలు కొనుక్కుంటే బస, భోజనం దొరుకుతాయి, ప్రతిచోటా సంచి విప్పనక్కరలేదు. 1872లో భూప్రదక్షిణ యాత్ర మొదలుపెట్టి 222 రోజులలో ముగించాడు, అందులో మన దేశం కూడా ఉంది. ఆ కంపెనీ 2019 సెప్టెంబరులో దివాలా తీసి మూతపడింది. ఇప్పుడు మనం చదివే కరపత్రాలకు మూలం ఆ చీటీలే. అన్నీ ముందే కట్టేశాం అన్న ధీమా యాత్రికుడికి కల్పించినవాడు కుక్. కాని చీటీ హోటలు యజమానికి చెల్లుతుంది. పెట్టె మోసినవాడికి చెల్లదు.

ఈ సంగతి ఈజిప్టులో బాగా బయటపడింది. 1867లో క్వేకర్ సిటీ అనే ఓడలో అమెరికా నుంచి ఒక బృందం మధ్యధరా తీరాలకు, పాలస్తీనాకు, ఈజిప్టుకు యాత్ర చేసింది. మనిషికి 1250 డాలర్లు. అందులో ఉన్న మార్క్ ట్వేన్ అనే రచయిత 1869లో ఆ యాత్ర మీద పుస్తకం వేశాడు. పిరమిడు ఎక్కించే మనుషులు చెరో రెక్కా పట్టి గుంజుతూ, మెట్టు మెట్టుకూ బక్షీసు బక్షీసు అని వెంటపడిన వైనం నవ్వు పుట్టేటట్లు రాశాడు. చదివి నేనూ నవ్వాను. నవ్వాక, ఆ ఎండలో రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగేవారో, నెల జీతం ఎవరైనా ఇచ్చేవారో అని ఆలోచన వచ్చింది.

సీమ దొరలు తూర్పుదేశాల బక్షీసును చూసి ముక్కు మీద వేలేసుకునేవారు గాని, వారి ఇళ్ళలో ఇంతకంటె తక్కువేమీ జరగలేదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో ఒక ప్రభువు ఇంటికి విందుకు వెళితే, వచ్చేటప్పుడు నౌకర్లు వరుసగా నిలబడేవారు. అందరి చేతిలోనూ తడపాలి. దాన్ని వెయిల్స్ అనేవారు. బంధువుల ఇంటికి భోజనానికి వెళ్ళడానికి కూడా జంకవలసి వచ్చింది. 1760 ప్రాంతంలో యజమానులు కట్టుబాటు చేసి దాన్ని మాన్పించబోతే, 1764లో లండనులో నౌకర్లు అల్లరికి దిగారు. జీతం పెంచకుండా పైరాబడి తీసేస్తే ఊరుకుంటారా? డి.ఏ. ఆపితే మనం ఊరుకున్నామా?

అమెరికా కథ ఇంకా చేదు. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయాక, పుల్‌మన్ కంపెనీ వారు పడక రైలుపెట్టెలలో పరిచారకులుగా నల్లజాతివారిని పెట్టుకున్నారు. జీతం నామమాత్రం, మిగతాది ప్రయాణికులు ఇచ్చే టిప్పులతో పూడ్చుకోవాలి. పరుపు వేయాలి, బూట్లు తుడవాలి, రాత్రంతా మేలుకోవాలి. కన్నవారు పెట్టిన పేరు ఎవరికీ అక్కరలేదు. యజమాని జార్జి పుల్‌మన్ పేరు మీద అందరినీ జార్జి అని పిలిచేవారు. 1925లో వారు సంఘం పెట్టుకున్నారు. ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వం వహించాడు. కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించడానికి 1937 దాకా, అంటే 12 సంవత్సరాలు, పట్టింది. సంఘం విలువ తెలిసిన మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

టిప్పును చట్టంతో ఆపాలని కూడా అక్కడ ప్రయత్నించారు. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం మొదలుపెట్టింది. 1915 నాటికి ఆరు రాష్ట్రాలలో నిషేధ చట్టాలు వచ్చాయి. 1926 కల్లా ఒక్కటీ మిగలలేదు. జీతం సంగతి చూడకుండా చెయ్యి చాపడం మీద మాత్రం చట్టం చేస్తే ఏమవుతుంది? ఇప్పటికీ అక్కడ టిప్పు వచ్చే పనివారికి కేంద్ర చట్టం ప్రకారం యజమాని ఇవ్వవలసిన కనీస కూలి గంటకు 2 డాలర్ల 13 సెంట్లే. టిప్పులు కలిపి మామూలు కనీస వేతనం రాకపోతే ఆ లోటు యజమాని పూడ్చాలి. చాలా రాష్ట్రాలు తమ చట్టంతో రేటు పెంచుకున్నాయి గాని, ఈ అంకె మాత్రం 1991 నుంచి కదలలేదు. మన వేతన సవరణ సంఘాలు ఎంత ఆలస్యం చేసినా ఇంత ఆలస్యం చేయలేదు!

2015లో మా అబ్బాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్ళినప్పుడు నయాగరాకు రెండు రోజుల బస్సుయాత్రకు పంపాడు. టిప్పు డాలర్లు విడిగా కవరులో పెట్టి, "నాన్నా, ఇది రూపాయలలోకి మార్చకండి" అని మరీ మరీ చెప్పాడు. గైడు మైకులో, మొహమాటం లేకుండా, తలకు రోజుకు ఇంత చొప్పున డ్రైవరుకూ తనకూ కలిపి ఇవ్వాలని చెప్పి, దిగేచోట తలుపు దగ్గర నిలబడి లెక్క పెట్టుకున్నాడు. బస్సులో ఉన్న నలుగురైదుగురు తెలుగు పెద్దలు గొణిగారు. నేనూ లోలోపల రూపాయలలోకి మార్చాను, పిల్లవాడి మాట నిలబెట్టలేకపోయాను. కాని ఒకటి ఒప్పుకోవాలి. ఎంత, ఎవరికి, ఎప్పుడు అన్నది అతను దాచలేదు. జపానులో అసలు ఈ బాధే లేదంటారు. అక్కడ హోటలులో బల్ల మీద చిల్లర వదిలి వస్తే మరిచిపోయారేమో అని వెనకాలే పరిగెత్తుకొస్తారట. పాతకాలపు సత్రాలలో మాత్రం ఇవ్వదలిస్తే, రాగానే, కాగితంలో చుట్టి ఇస్తారు.

మన దగ్గర సంగతి చెప్పాలంటే తిరుమల ఒక్కటి చాలు. కల్యాణకట్టలో తలనీలాలు తీయడం ఉచితం. అయినా పది, ఇరవై చేతిలో పెట్టడం భక్తులకు అలవాటు. 2017లో డబ్బు తీసుకున్నారని రెండు వందలకు పైగా కాంట్రాక్టు క్షురకులను ఒక్కసారిగా తొలగించినప్పుడు పత్రికలలో పెద్ద చర్చ జరిగింది. వారికి గుండుకు ఇంత అని ముట్టేది తప్ప నెలజీతం లేదు. అడిగి గుంజినవాడూ ఉంటాడు, సంతోషంగా ఇచ్చింది పుచ్చుకున్నవాడూ ఉంటాడు. ఉత్తర్వులో ఇద్దరికీ ఒకే పంక్తి.

ఇక నా స్వంత అనుభవం. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది.

2012 కార్తీకంలో నేనూ మా ఇంట్లోవారూ కాశీ, గయ, ప్రయాగలకు 14 రోజుల బస్సుయాత్రకు వెళ్ళాము. మొత్తం 42 మందిమి. వంటమేస్త్రీ, ఇద్దరు సహాయకులు, డ్రైవరు, క్లీనరు, పైన ఒక మేనేజరు. సహాయకులలో ఒకడు శ్రీకాకుళం వైపు కుర్రాడు, ఇరవై ఏళ్ళుండవు. తెల్లవారుజామున నాలుగింటికల్లా కాఫీ అందించేవాడు. గయలో మా ఇంట్లోవారికి జ్వరం తగిలితే రెండు రాత్రులు వేడినీళ్ళు, గంజి కాచి తెచ్చి గది తలుపు కొట్టింది అతడే. తిరుగు ప్రయాణంలో మేనేజరు లేచి, స్టాఫుకు ఇనాముగా తలకు రూ. 300/- ఇవ్వడం ఆనవాయితీ అన్నాడు. జాబితా రాసే పని నాకు అప్పగించారు, గుమాస్తాను కదా. ముగ్గురు ఇవ్వమన్నారు, అన్నీ కలిపే కట్టామని వారి వాదన. ఒకరు వంద ఇచ్చారు. మిగతా 38 మంది పూర్తిగా ఇచ్చారు. మొత్తం రూ. 11,500/-. మేనేజరు చేతికిచ్చి నమస్కారం పెట్టాను.

నాలుగు నెలల తరువాత మా బంధువుల పెళ్ళిలో వంటల దగ్గర ఆ కుర్రాడు కనిపించాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చి, "అమ్మగారికి ఇప్పుడు ఒంట్లో బాగుందా అండీ?" అని అడిగాడు. మాటల్లో ఇనాము సంగతి వచ్చింది. తనకు రెండు వందలు ముట్టాయట, మేస్త్రీకి ఐదు వందలు. "అది కూడా మీరిచ్చింది కాదండి, ఓనరుగారు ఇచ్చారన్నారు. ప్యాసింజర్లు ఏమీ ఇవ్వలేదని చెప్పారండి."

నాకు నోట మాట రాలేదు. 37 ఏళ్ళు ఎక్విటెన్స్ రోలు మీద సంతకం లేనిదే పది రూపాయలు ఎవరికీ ఇవ్వలేదు. అటెండరు బట్టల అలవెన్సుకు కూడా రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం తీసుకున్నవాణ్ణి. 42 మంది పేర్లు రాసుకున్నాను గాని, పుచ్చుకోవలసిన ఐదుగురి పేర్లు రాసుకోలేదు. అక్కడికక్కడే అతడి చేతిలో ఐదు వందలు పెట్టాను. కాదనకుండా జేబులో పెట్టుకున్నాడు, ఇంతలో లోపలినుంచి మేస్త్రీ కేకేస్తే వెళ్ళిపోయాడు. అది ఇనామో, నా జుర్మానాయో ఇప్పటికీ చెప్పలేను.

2018 డిసెంబరులో మేము 30 మందిమి గుజరాతు యాత్ర పెట్టుకున్నప్పుడు పద్ధతి మార్చాము. అహ్మదాబాదు దాకా రైలు, అక్కడినుంచి ఆరు రోజులు అద్దె బస్సు. బయలుదేరకముందే ఖర్చుల పట్టీలో టిప్పుల కాలమ్ పెట్టి తలకు రూ. 300/- వసూలు చేశాము. డ్రైవరుకు 4,000, గైడుకు 3,000, క్లీనరుకు 2,000. మూడు కవర్లు, మూడు పేర్లు, ఒక కాగితం మీద మూడు గళ్ళు. గొణిగినవారు గొణిగారు గాని, బస్సులో చెయ్యి చాపడం, మొహం తిప్పుకోవడం తప్పాయి. సోమనాథ్‌లో ఉదయాన్నే బస్సు చెడిపోయి, నాలుగో రోజు నుంచి వేరే బస్సు, వేరే డ్రైవరు వచ్చారు. గైడు, క్లీనరు మాత్రం పాతవారే.

ఆఖరి రోజు స్టేషను బయట కవర్లు పంచాము. కొత్త డ్రైవరు విప్పి లెక్క చూసుకుని, ఇది ఆరు రోజుల డబ్బు కదా అని హిందీలో అడిగాడు. అవునన్నాను. సగం తీసి నా చేతిలో తిరిగి పెట్టి, మొదటి మూడు రోజులూ నడిపింది అతనే, అతనికి పంపండి అని ఫోను నంబరు చెప్పాడు. మాలో ఒకరి కోడలు అక్కడే నిలబడి ఫోనులో ఆ 2,000 పంపింది.

ఆ కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉన్నది. గైడు గుజరాతీలో, డ్రైవరు హిందీలో సంతకాలు చేశారు. క్లీనరు వేలిముద్ర వేశాడు. కింద నాలుగో గడి ఒకటి చేత్తో గీసి, మొదటి డ్రైవరు పేరు రాసి, ఫోను ద్వారా పంపడమైనది అని రాసుకున్నాను. సంతకం చోటు ఖాళీగా ఉంది.